మందు ట్యాంకరు కన్నా ముందు గడ్డపార పంపండి

గ్రేటర్ హైదరాబాద్ పరిధిలోని కాలనీ సంక్షేమ సంఘాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల బాధ్యులకు. మున్సిపల్ ఉద్యాన, అర్బన్ బయోడైవర్సిటీ సిబ్బందికి

నమస్కారం.

శివరాత్రి వెళ్లి ఎండ ముదిరేసరికి మీ వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకే ఫిర్యాదు తిరుగుతుంది. చెట్టు కింద పెట్టిన కారు మీద జిగురు కారుతోంది, బండి సీటు అంటుకుంటోంది, ఆకులు నల్లబడ్డాయి, చీమలు బాల్కనీలోకి వస్తున్నాయి, చెట్టయినా కొట్టించండి, మందయినా కొట్టించండి అని. చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి కాబట్టి చాలాచోట్ల రెండోదే జరుగుతుంది. ఒక ట్యాంకరు, ఒక మోటారు, గొట్టం అందినంత ఎత్తు వరకు ఏదో ఒక పురుగుమందు. నెల తిరక్కుండానే జిగురు మళ్లీ మొదలవుతుంది, తరచుగా మునుపటి కన్నా ఎక్కువగా.

నగరంలో చెట్లనూ వాటి పురుగులనూ చూసే పనిలో ఉన్న కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఆ పురుగును పెంచుతున్నది చెట్టు మొదలు చుట్టూ మనం చేసిన ఏర్పాటు. మందుకు పెట్టే డబ్బులో సగం సిమెంటు పగలగొట్టడానికి, నీళ్లు పెట్టడానికి, కొమ్మలు సరిగ్గా కోయించడానికి పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు జిగురు సంగతి. అది చెట్టు కార్చే బంక అనుకుంటారు. ఆకు అడుగున గుంపుగా కూర్చున్న పిండినల్లి, తెల్లదోమ, పొలుసు పురుగు చెట్టు రసం పీలుస్తాయి. ఆ రసంలో చక్కెర మెండు, పురుగు ఎదగడానికి కావలసిన నత్రజని పదార్థాలు కొంచెం. ఆ కొంచెం కోసం బండెడు రసం తాగి, మిగిలిన చక్కెర నీళ్లను వెనక నుంచి వదిలేస్తుంది. అది కారు మీద పడితే జిగురు. కింది ఆకు మీద పడితే దాని పైన నల్లటి బూజు పెరిగి మసి తెగులవుతుంది. చీమకు దొరికితే విందు. తడిగుడ్డతో తుడిస్తే మసి ఊడివచ్చి కింద పచ్చటి ఆకు కనిపిస్తే రోగం ఆకుది కాదని తెలిసిపోతుంది. అక్కడ శిలీంద్రనాశిని కొట్టడం శుద్ధ దండుగ.

ఊరి బయట చెరువు గట్టు మీద అదే గంగరావి మామూలుగా ఉండి, నగరంలో డివైడర్ మీదది పిండి చల్లినట్టు ఎందుకు అవుతుంది? దీని మీద చాలా శ్రద్ధగా లెక్కలు తీసిన ఊరు అమెరికాలో నార్త్ కరొలినా రాష్ట్రంలోని రాలీ. అక్కడ వీధుల వెంట విల్లో ఓక్ చెట్లు విరివిగా ఉంటాయి. ఒకే ఊళ్లోని చల్లటి వీధుల్లో, వేడి వీధుల్లో ఆ చెట్ల కొమ్మల మీద పొలుసు పురుగులను లెక్కపెట్టారు. 2013లో అచ్చయిన ఆ లెక్కలో బాగా వేడెక్కే చోట్ల పురుగులు చల్లటి చోట్ల కన్నా 13 రెట్ల దాకా ఎక్కువ ఉన్నాయి. వీధికీ వీధికీ తేడా చూస్తే రెండు మూడు డిగ్రీలే. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో మెలిక బయటపెట్టింది. వేడికి పొలుసు పురుగు ముందుగానే గుడ్లకు వస్తోంది కానీ, దాని ఒంట్లో గుడ్డు పెట్టి చంపే సన్నటి పరాన్నజీవి కందిరీగ అంత ముందుకు జరగలేకపోతోంది. దొంగ ముందు వచ్చి పోయాక పోలీసు వచ్చినట్టు.

రాలీ లెక్కను యథాతథంగా హైదరాబాద్‌కు అతికించకండి. అక్కడి ఎండ వేరు, చెట్టు వేరు. మేలో 41, 42 డిగ్రీలు దాటితే ఇక్కడ పురుగులకు కూడా కష్టమే. కానీ జనవరి చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా, మళ్లీ అక్టోబరులో, గోడలూ తారూ పగలు మింగిన వేడిని రాత్రంతా వదులుతుంటే పిండినల్లి లాంటి వాటికి తరం తొందరగా తిరుగుతుంది. ఒక్కో ఆడది వందల గుడ్లు పెడుతుంది. నెలకో తరం అనుకున్నా, చల్లటి చోటు కన్నా సీజనులో ఒక్క తరం అదనంగా పూర్తయితే ఎంత తేడానో లెక్క మీరే వేసుకోవచ్చు.

వేడి ఒక్కటే అయితే చెట్టు తట్టుకుంటుంది. ఆకుల్లోంచి నీరు ఆవిరి చేసి తనను తాను చల్లబరచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ నీరే దొరకదు. మొదలు దాకా పేవర్ టైల్స్, దాని కింద సిమెంటు, దాని కింద రోలరు తొక్కిన మొరం. నీరు అందని చెట్టు ఆకు రంధ్రాలు మూసుకుంటుంది, ఆకు వేడెక్కుతుంది, పాలు, బంక కారి పురుగును అడ్డుకునే శక్తి తగ్గుతుంది. కాండం తొలిచే పురుగులు, బెరడు తినే పురుగులు ఇలాంటి చెట్టునే వెతుక్కుంటూ వస్తాయి. ఈ స్థితిలో ఉన్న చెట్టు మీద మందు కొట్టడం మూలిగే నక్క మీద తాటిపండు వేయడమే.

అందుకే గడ్డపార. 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ అధికారులకు చెట్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయాలని ఆదేశించింది. ఆ మీటరును మనమూ కొలతగా తీసుకుందాం. మీటరు వ్యాసార్థం అంటే సుమారు 3 చదరపు మీటర్ల నేల. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఆ కాస్త నేల తెరిస్తే ఒక్కో చెట్టు మొదట్లో ఏటా దాదాపు 2,400 లీటర్ల నీరు పడుతుంది. అంత నీరు ఇప్పుడు నేరుగా నాలాలోకి పోతోంది.

తీసే పద్ధతి ముఖ్యం. జేసీబీ పంపితే సిమెంటుతో పాటు వేళ్లూ లేచివస్తాయి, తరువాతి గాలివానకే చెట్టు పడుతుంది. సమ్మెట, ఉలి, గడ్డపారతో చేయించండి. టైల్స్ అయితే చేతితో ఎత్తవచ్చు. సిమెంటు పలక అయితే అడుగు చదరం ముక్కలుగా పగలగొట్టి పైకెత్తాలి, కిందికి తవ్వకూడదు. బొటనవేలి కన్నా లావున్న వేరు ఏదీ తెగకూడదు. పలక వేరును పట్టుకుని ఉంటే ఆ ముక్కను అక్కడే వదిలేయండి. తరువాత మొదలు నుంచి రెండడుగుల దూరం వదిలి, రెండడుగుల ఎడంలో గడ్డపారతో అడుగు, అడుగున్నర లోతు గుంతలు పొడిచి, అందులో సగం ఇసుక, సగం చివికిన కంపోస్టు నింపండి. వేరు తగిలితే జానెడు పక్కకు జరిగి పొడవండి. పైన రెండు అంగుళాల కంపోస్టు, దాని మీద మూడు నాలుగు అంగుళాల ఎండుటాకు. ఆకు కాండానికి ఆనుకోకూడదు, జానెడు దూరం ఉండాలి. ఆనుకుంటే బెరడు కుళ్లుతుంది, చెదలు కూడా ఎక్కుతాయి. "ఆకు పరిస్తే చెదలు వస్తాయి" అనేవాళ్లకు ఆ జానెడే సమాధానం.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. సిమెంటు తీసి, అందంగా ఉంటుందని చుట్టూ గద్దె కట్టి, రెండడుగుల ఎత్తు ఎర్రమట్టి నింపుతారు. కూర్చోవడానికి బాగుంటుంది. కానీ గాలి పీల్చే సన్నవేళ్లు పై అడుగున్నరలోనే ఉంటాయి. వాటి మీద రెండడుగుల మట్టి పడితే ఊపిరాడదు, మట్టిలో మునిగిన బెరడు మెత్తబడుతుంది. మూడు నాలుగేళ్లకు పైకొమ్మలు ఎండుతాయి, కాండంలో రంధ్రాలు కనిపిస్తాయి, నేరం పురుగు మీదకు పోతుంది. గద్దె కావాలంటే నేల నుంచి ఎడంగా బల్లలు వేయించుకోండి, మట్టి మాత్రం పాత మట్టంలోనే ఉండాలి. వేళ్లు కాండంతో కలిసి వెడల్పయ్యే చోటు కంటికి కనిపిస్తే మట్టం సరిగ్గా ఉన్నట్టు.

నీళ్లకు ఒక కొలత. ఛాతీ ఎత్తులో చెట్టు చుట్టుకొలత టేపుతో తీసి, 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 10 నుంచి 15 లీటర్లు, ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి వానల దాకా పదిహేను రోజులకోసారి. చుట్టుకొలత 95 సెంటీమీటర్లుంటే వ్యాసం 30, అంటే 300 నుంచి 450 లీటర్లు. ట్యాంకరు గొట్టం పెట్టి రెండు నిమిషాల్లో పోస్తే రోడ్డు మీదకు పారుతుంది. 200 లీటర్ల డ్రమ్ముకు అడుగున చిన్న కుళాయి బిగించి సన్నధారగా వదిలితే రెండు మూడు గంటల్లో లోపలికి ఇంకుతుంది. అపార్ట్‌మెంట్లలో ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్లు వాడొచ్చు. నేల మీద తెల్లటి ఉప్పు పొర కట్టడం మొదలైతే ఒక తడి మామూలు నీళ్లతో ఇవ్వండి. లాన్ కోసం చల్లే యూరియా మాత్రం చెట్టు మొదట్లో పడనీయకండి. నత్రజని ఎక్కువైన లేత చిగురంటే రసం పీల్చే పురుగుకు ప్రాణం.

ఇక దుమ్ము. కాలిఫోర్నియా నారింజ తోటల్లో మట్టిరోడ్డు పక్క వరుసల్లోనే పొలుసు పురుగు, నల్లి (మైట్ అనే అతి సన్నటి జీవి, పిండినల్లి వేరు) ఎక్కువగా ఉండటం చాలాకాలం కిందటే గమనించారు. దుమ్ము పురుగుకు బలం ఇవ్వదు, దాని శత్రువును అడ్డుకుంటుంది. పరాన్నజీవి కందిరీగ చాలావరకు మిల్లీమీటరు పొడవుంటుంది. దుమ్ము పట్టిన ఆకు మీద అది నడవలేక, ఒళ్లు దులుపుకోవడానికే పొద్దంతా గడుపుతుంది. మన దగ్గర ఫ్లైఓవర్ల కింద, మెట్రో వంతెన కింద నాటిన మొక్కల్ని చూడండి. వాటి మీద వాన పడదు. పిండినల్లి పిల్లల్ని కడిగేసేది, ఆకు మీది దుమ్ము దులిపేది వానే. అది లేనిచోట పన్నెండు నెలలూ వేసవే. అలాంటి చోట మందు బడ్జెట్ అసలు వద్దు, నెలకు రెండుసార్లు నీటితో ఆకులు కడిగే బడ్జెట్ పెట్టండి.

మందు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతకు కీటకశాస్త్రంలో రుజువులున్నాయి. కాలిఫోర్నియాలో సౌత్ లేక్ తాహో అనే ఊళ్లో దోమల కోసం మలాథియాన్ పొగ వదిలేవారు. అక్కడి పైన్ చెట్ల మీద పొలుసు పురుగు విపరీతమైంది. పొగ ఆపేశాక దాని సహజ శత్రువులు తిరిగి వచ్చి, పురుగు దానంతటదే తగ్గిపోయిందని 1975లో అచ్చయిన అధ్యయనం చెబుతుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఎల్మ్ చెట్లను కాండం తొలిచే ఆసియా పెంకు పురుగు నుంచి కాపాడాలని ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చారు. ఆ చెట్ల మీద నల్లి విజృంభించింది. మందు నల్లిని చంపదు, నల్లిని తినేవాటిని చంపుతుంది. పైగా మందు ఎక్కిన ఆకు తిన్న నల్లి ఎక్కువ గుడ్లు పెట్టింది. కాండానికి డ్రిల్లు వేసి మందు ఎక్కిస్తామని వచ్చే ఏజెన్సీలతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. వేప, కానుగ, నిద్రగన్నేరు పూతకొచ్చే చెట్లు, వాటి మీద తేనెటీగలు వాలతాయి. కాండంలోకి ఎక్కిన మందు పువ్వులోకీ వెళ్తుంది.

ఎత్తు లెక్క కూడా చూడండి. వీపున తగిలించుకునే పంపు ధార పన్నెండు, పదిహేను అడుగులకు మించి సరిగ్గా చేరదు. నలభై అడుగుల వేపకు కింది మూడో వంతు తడుస్తుంది. అక్కడ పిండినల్లిని తినే అక్షింతల పురుగులు చస్తాయి, పైనున్న పిండినల్లి హాయిగా కిందికి దిగుతుంది.

ఇక్కడ దగ్గరగా చూడవలసిన సంగతులు రెండు. పిండినల్లి గుంపులో వేలి కణుపులో సగం పొడవున, ఒంటి నిండా తెల్లటి మైనపు కుచ్చులతో, చురుగ్గా నడిచే పురుగు కనిపిస్తే అది పిండినల్లుల రాణి కాదు. క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. 1898లో కాఫీ తోటల కోసం ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చింది. పిండినల్లి మామూలుగా నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు, కదిలినా నింపాదిగా కదులుతుంది. ఈ పిల్ల పదమూడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది, పుల్లతో తాకితే పరుగెడుతుంది. "పెద్ద పురుగులు కూడా వచ్చాయి" అని దీన్ని చూసే మందు పట్టుకొస్తారు. రెండోది, సర్పిలాకార తెల్లదోమ. ఆకు అడుగున మైనంతో చుట్లు చుట్లుగా గుడ్లు పెట్టే ఈ దోమ ప్యూపా (రెక్కల దోమ అయ్యే ముందు దశ) మీద మైనాన్ని బ్రష్‌తో తుడిచి, పది రెట్లు చూపే భూతద్దంతో చూడండి. దోమ బయటికి వస్తే ప్యూపా పైన అడ్డగీత, నిలువుగీత కలిసిన చీలిక ఉంటుంది. కందిరీగ దాన్ని తినేసి బయటికి వస్తే గుండ్రటి రంధ్రం ఉంటుంది, సూదితో పొడిచినంత శుభ్రంగా. వంద ఖాళీ ప్యూపాలు చూస్తే ముప్ఫైకి పైగా గుండ్రటి రంధ్రాలున్నాయంటే పంపు వెనక్కి పంపేయండి. మీ పని వేరేవాళ్లు చేస్తున్నారు.

ఇది ఉత్త ఆశ కాదు. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో బయటపడి, బొప్పాయి తోటలతో పాటు మల్బరీ, మందారం, దేవగన్నేరు దేన్నీ వదల్లేదు. మందులకు లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి అసిరోఫాగస్ పపాయే అనే పరాన్నజీవి కందిరీగను తెప్పించి బెంగళూరులోని వ్యవసాయ కీటకాల జాతీయ సంస్థ ద్వారా వదిలాక దిగివచ్చింది. 2016లో పొల్లాచి దగ్గర కొబ్బరి మీద కనిపించి, తరువాత గోదావరి జిల్లాల దాకా పాకిన రూగోస్ తెల్లదోమ విషయంలోనూ ఎన్‌కార్సియా కందిరీగను కాపాడుకోవడానికి రసాయన మందులు వద్దనే శాస్త్రవేత్తలు చెప్పారు. మీ గేటు దగ్గర కొబ్బరి మీదున్నది అదే దోమ అయితే సలహా కూడా అదే.

మరి కారు మీద జిగురుకు ఏం చేయాలి? మొదట నీటి ధార. తెల్లవారుజామున, ఆకుల అడుగు తగిలేలా కింది నుంచి పైకి, నాలుగైదు రోజుల ఎడంతో మూడుసార్లు. కిందపడిన పిండినల్లి పిల్లల్లో చాలావాటికి మళ్లీ చెట్టెక్కే ఓపిక ఉండదు. పూత మీద, పిట్ట గూళ్ల మీద కొట్టకండి. వేసవి గూళ్ల కాలం, ముందొక మనిషి కింద నిలబడి చూసి చెప్పాలి.

తరువాత చీమల దారి మూయండి. చీమ జిగురు కోసం పిండినల్లికి కాపలా కాస్తుంది, అక్షింతల పురుగును తరిమేస్తుంది. ఛాతీ ఎత్తులో కాండం చుట్టూ ఆరంగుళాల వెడల్పు గుడ్డపట్టీ బిగించి, బెరడు పగుళ్లలోకి దూది కూరి, దాని మీద పాలిథిన్ చుట్టి, పాలిథిన్ మీద గ్రీజు పూయండి. బెరడు మీద నేరుగా గ్రీజు రాయకూడదు, కింద బెరడు పాడవుతుంది. వారానికోసారి చూడాలి. దుమ్ము పేరుకుంటే చీమలు దాని మీదుగానే నడుస్తాయి. రెండు నెలలు దాటకుండా విప్పేయండి. పట్టీ వేశాక కూడా చీమలు తగ్గలేదంటే తలెత్తి చూడండి: కేబుల్ వైర్లు, ఇంటర్నెట్ తీగలు, ప్రహరీకి ఆనుకున్న కొమ్మ. నగరంలో చీమకు అవన్నీ వంతెనలే. ఆనుకున్న కొమ్మ కోసి, తీగలు మళ్లించకపోతే గ్రీజు ఖర్చు గంగలో పోసినట్టే.

అప్పటికీ చిన్న చెట్ల మీద మిగిలితే సీసా మీద 1500 పిపిఎం అని ఉన్న వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, సబ్బుపొడి ఒక గ్రాము. సబ్బును కొంచెం నీటిలో కరిగించి, అందులో నూనె పోసి పాలలా అయ్యేదాకా కలిపి, తరువాతే మిగతా నీరు. నేరుగా ట్యాంకులో నూనె పోస్తే పైకి తేలుతుంది, మొదటి చెట్టుకు ఉత్త నీళ్లు, చివరి చెట్టుకు ఉత్త నూనె పడి ఆకు మాడుతుంది. సాయంత్రం అయిదు దాటాక కొట్టండి, 35 డిగ్రీల పైన కొట్టకండి, కలిపింది ఆ రోజే అయిపోవాలి. ముందు ఒక కొమ్మ మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడటం మంచిది. పురుగు బాగా పట్టిన కొమ్మలు కోస్తే వాటిని చెత్త ఆటోలో ఊరేగించకండి. నల్ల పాలిథిన్ సంచిలో మూతి కట్టి వారం రోజులు ఎండలో పడేసి, ఆ తరువాత కంపోస్టులో వేయండి.

అన్ని చెట్లకూ ఒకే కంగారు అక్కర్లేదు. కానుగ ఆకుల మీద కనిపించే బుడిపెలు కంటికి కనిపించని నల్లి వల్ల వస్తాయి, ఆకు మీది తెల్లటి మచ్చలు ఆకుతొలిచే పురుగువి. చూడటానికి అసహ్యంగా ఉంటాయి, చెట్టుకు ఏమీ కాదు. రేల చెట్టు ఆకు తినే పచ్చ గొంగళి పురుగు రేపు పసుపు సీతాకోకచిలుక అవుతుంది, దాని జోలికి పోకండి. మునగ కాండం మీద పగలు గుంపుగా నిద్రపోయే బొచ్చు పురుగులు మాత్రం తాకితే దురద, దద్దుర్లు. పొడవాటి చీపురుతో సబ్బునీళ్ల బకెట్‌లోకి తోసేస్తే సరిపోతుంది, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు. ఏడాకుల పాల ఆకుల నిండా పూసల్లాంటి బుడిపెలు సిల్లిడ్ అనే పురుగు కట్టుకున్న ఇళ్లు. ఆ పురుగు బుడిపె లోపలుంటుంది, పైన కొట్టిన మందు తగలదు.

వేప సంగతి వేరు. 2021లో తెలంగాణ అంతటా వేప కొమ్మల చివర్లు నిప్పంటించినట్టు ఎండాయి, తరువాత కూడా వానలు వెళ్లే కాలంలో కనిపిస్తూనే ఉంది. ఫోమాప్సిస్ అనే శిలీంద్రం దానికి కారణం. లేత చిగుళ్లను పీల్చి గాయం చేసే టీ దోమ కూడా తోడవుతుంది. చచ్చిపోయిందని కొట్టేసిన చెట్లలో చాలావరకు బతికేవే. ఫిబ్రవరి, మార్చి చిగురు దాకా ఆగండి. అందేంత ఎత్తులో ఎండిన చివర్లను పచ్చి భాగంలోకి ఆరంగుళాలు దిగి కోసి, రంపం చెట్టుచెట్టుకూ స్పిరిట్‌తో తుడవండి, పైన చెప్పిన నీటి కొలత వేసవంతా తప్పకుండా ఇవ్వండి. పెద్ద చెట్టుకు పై నుంచి కింది దాకా మందు తడపడం ఆచరణలో కుదరదని ఒప్పుకోవడం మేలు.

గేటెడ్ కమ్యూనిటీల్లో ఫైకస్ కంచెల ఆకులు పుస్తకంలా మడతపడతాయి. విప్పి చూస్తే లోపల నల్లటి, సన్నటి తామర పురుగులు. పదిహేను రోజులకోసారి కత్తిరించి గుండ్రంగా ఉంచాలన్న ముచ్చటే వాటిని పోషిస్తోంది, ఎందుకంటే అవి లేత ఆకు మీదే బతుకుతాయి, ప్రతి కత్తిరింపూ లేత ఆకుల పంట. మడతపడ్డ చివర్లు కోసి సంచిలో కట్టి, తరువాత రెండు మూడు నెలలు కత్తెర ముట్టకండి.

పెద్ద చెట్ల కోతలోనూ ఇదే తప్పు. కరెంటు తీగల కోసమో, వాన ముందు జాగ్రత్తకో తలంతా నరికేస్తారు. మొండి నుంచి గుత్తులుగా వచ్చే లేత రెమ్మలు రసం పీల్చే పురుగుకు విస్తరి. నీడ పోయి ఎండ నేరుగా తగిలిన బెరడు పగిలితే కాండం తొలిచే పురుగుకు తలుపు తెరిచినట్టే. ఏడాదికి ఆకుపందిరిలో నాలుగో వంతుకు మించి తీయకూడదు. లావు కొమ్మకు మూడు కోతలు: కాండానికి అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు, దానికి రెండంగుళాలు అవతల పై నుంచి పూర్తిగా, చివరగా మిగిలిన మొండిని కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడను వదిలి దాని అంచున. మొదటి కోత లేకపోతే కొమ్మ విరుగుతూ కాండం బెరడును గజం పొడవున చీల్చుకుపోతుంది. మేకులు, బోర్డులు, ఏడాది పొడవునా చుట్టి ఉంచే సీరియల్ బల్బుల తీగలు కూడా గాయాలే. కాండం మీద పురుగు పెంట, పొట్టు కలిసిన గూళ్లు కనిపిస్తే బెరడు తినే పురుగు. గూడు తుడిచి, రంధ్రంలోకి సైకిలు పుల్ల పోనిచ్చి, పెట్రోలులో ముంచిన దూది దోపి, బంకమట్టితో మూసేస్తే చాలు.

కొత్తగా నాటేటప్పుడు కాస్త ఆలోచిస్తే పదేళ్ల తరువాత ఈ గొడవ సగం ఉండదు. రాలీ పరిశోధకులే ఒక తేలికైన కొలత చెప్పారు. మొక్క నాటాలనుకున్న చోటు నుంచి నాలుగు వైపులా 25 అంగల చొప్పున నడవాలి, ఒక్కో వైపుకూ మధ్య లంబకోణం ఉండేలా, రోడ్డు అంచుకు ఏటవాలుగా. మొత్తం వంద అంగల్లో తారు, సిమెంటు, టైల్స్ మీద పడ్డవెన్నో లెక్కపెడితే అదే శాతం. మన ఊళ్లో గోడ అడ్డం వస్తే మిగిలిన అంగలన్నీ సిమెంటు కిందే వేయండి. డెబ్బై దాటితే అది చెట్టుకు కఠినమైన చోటని మా అంచనా. అక్కడ నీరు కోరే జాతులు వద్దు, కానుగ, వేప, పొగడ లాంటివి ఎంచండి, లేదా ముందు నేల తెరవండి.

ఒకే జాతిని కిలోమీటర్ల కొద్దీ నాటడం మానండి. అమెరికా వృక్ష శాస్త్రవేత్త ఫ్రాంక్ సాంటమూర్ 1990లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: నగరంలో ఒకే జాతి పది శాతం, ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఇరవై, ఒకే కుటుంబం (ప్రజాతుల గుంపు) ముప్ఫై దాటకూడదు. హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖలో ఏడాకుల పాల, మన డివైడర్ల మీద కోనోకార్పస్ ఎలా నిండిపోయాయో చూశాం. అలా నిండిన జాతికి నచ్చే పురుగు ఒక్కటి దిగితే వరుస వరుసంతా పరిచిన విస్తళ్లే. మొక్కలు కడియం నుంచి వచ్చినా, పక్క వీధి నర్సరీ నుంచి వచ్చినా, లారీ దిగగానే పదింటిలో ఒకదాని ఆకులు తిప్పి, కణుపుల్లో, కుండీ అంచు కింద చూడండి. పిండినల్లి కనిపిస్తే లోడు వెనక్కి పంపే షరతు కొనుగోలు ఆర్డరులోనే రాసుకోండి.

సంఘాలను మేము అడిగేది ఇది. ఈ సంక్రాంతి లోపు మీ ఆవరణలోని చెట్లకు నంబర్లు వేయించండి. నెలకోసారి, నాలుగు దిక్కుల నుంచి ఒక్కో కొమ్మ, కొమ్మకు అయిదాకులు, అడుగు వైపు భూతద్దంతో చూసి నోటుబుక్కులో రాసే మనిషిని ఒకరిని పెట్టండి. మాలికి ఆ పనికి నెలకు ఒక పూట అదనపు కూలి ఇస్తే చాలు. నోటుబుక్కు చూడకుండా ఏ మందు బిల్లూ పాస్ చేయకండి. మున్సిపల్ సిబ్బందికి మా విన్నపం: చెట్ల నిర్వహణ టెండర్లలో మందు పిచికారీకి లీటర్ల లెక్కన చెల్లించే పద్ధతి తీసేయండి. లీటర్లకు డబ్బిస్తే లీటర్లే ఖర్చవుతాయి. దాని బదులు తెరిచిన నేల చదరపు మీటర్లకు, వేసవిలో ఇచ్చిన తడులకు, సరిగ్గా చేసిన కోతలకు రేటు కట్టండి. దోమల పొగబండి వెళ్లే దారుల్లో ఒక వార్డును ఎంచి, అక్కడ పెద్ద దోమల మీద పొగ తగ్గించి లార్వాల మీద పని పెంచి, ఆ వార్డు చెట్ల మీద తెల్లదోమ, పిండినల్లి లెక్కను పక్క వార్డుతో పోల్చి చూడండి.

ఫిబ్రవరి మొదటి వారంలో మొదటి లెక్క మొదలైతే ఈ వేసవికే పనికొస్తుంది.

ఇట్లు,
నగర చెట్లు, కీటకాల పనిలో ఉన్న కొందరం